పెదాల మీద లెక్క ఆగినప్పుడు

ఇట్లా వచ్చి చాప మీద కూర్చోండి. తలుపు తీసే ఉంచుదాం. హార్స్‌లీ కొండ దిగిన చల్లగాలి ఈ వేళకు మా అంగళ్లు చేరుతుంది. దాని కొంగు పట్టుకుని టమోటాల పచ్చివాసన కూడా గడప దాటి వస్తుంది. మదనపల్లె వైపు పోయే లారీ ఒకటి రోడ్డు మీద హారన్ కొడుతుంది. కొట్టనీండి. ఆదివారం రాత్రి, టీవీలో సెలబ్రిటీల డాన్సు పోటీ, అందులోనూ ఎలిమినేషన్! నులకమంచం మీద మా అవ్వ, ఆమె కాళ్ల దగ్గర పక్కింటి పిల్లలిద్దరు, వంటింటి గడప మీద తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నా భార్య, మా అందరి ముఖాల మీద ఆ రంగుల వెలుగు. ఇంతే మా సభ. ఇంతకన్నా నిండు సభ నేనెరుగను.

మా ఊరి పేరే అంగళ్లు. కిలో ఎంత, క్రేటు ఎంత, నిన్నటికీ నేటికీ తేడా ఎంత అనే మాటల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. లెక్క అంటే నాకు గౌరవం. లెక్క తప్పిన ఏడు రైతు ఇంట దీపం ఎట్లా చిన్నబోతుందో దగ్గరగా చూసినవాణ్ణి. అందుకేనేమో, లెక్క తనంతట తానే పక్కకు తప్పుకుని దారి ఇచ్చే క్షణం ఎక్కడ కనబడినా ఒళ్లు పులకరిస్తుంది. అలాంటి క్షణం ఒకటి, ఒకానొక ఆదివారం, ఈ చాప మీద కూర్చునే చూశాను. ఆ జంట పేరు రాయను. పేరు రాస్తే ఆ రాత్రి వాళ్లిద్దరిదే అయిపోతుంది. రాయకుంటే మీదీ నాదీ కూడా అవుతుంది. భట్టనాయకుడు సాధారణీకరణం అన్నది దీన్నే కదా! ఎక్కడి శకుంతల, ఎక్కడి కణ్వాశ్రమం, ఆమె కన్నీరు మన కంట్లోకి రావడానికి దారి ఎవరు వేశారు? ఆ కథలోంచి ఒకరి పేరు జారిపోయి, దుఃఖం ఒక్కటే మిగిలినప్పుడు ఆ దారి తెరుచుకుంటుంది.

ఆయన సీరియల్ నటుడు. ముఖమే ఆయన ముల్లె. కనుబొమ కదిలితే చాలు, ఇంటింటా అత్తాకోడళ్లకు సంగతి తెలిసిపోయే ముఖం. కాళ్ల కథ వేరు. మొదటి వారం ఆయన పాదాలు ఆ వేదిక మీద కొత్తింటికి వచ్చిన చుట్టాల్లా బిడియపడ్డాయి. ఆమె ఆయన భార్య. చిన్ననాడు గజ్జె కట్టి, నడుమ ఎప్పుడో విప్పేసి, మళ్లీ ఇన్నేళ్లకు కట్టిన మనిషి. ఆమె తిరిగితే గాలి దారి ఇచ్చేది. ఆయన గాలిని అడిగి అడిగి తిరిగేవాడు. ఆ తిరగడంలో మాత్ర మాత్రకూ పెదాలు కదిలేవి. వన్, టూ, త్రీ, ఫోర్. పైన నవ్వు, నవ్వు చాటున లెక్క.

"ఆ యబ్బి నోట్లో ఏందో గొణుగుతా ఉండాడే, మంత్రమా?" అంది అవ్వ మొదటి వారమే.

"లెక్క అవ్వా. అడుగు తప్పకుండా లెక్కేసుకుంటా ఉండాడు."

"పాపం, ఆడేటప్పుడు కూడా లెక్కేనా" అని ఆమె వక్క బుగ్గన పెట్టుకుంది.

వారం వారం ఆ లెక్క కింద ఏదో మొలకెత్తుతూ వచ్చింది. పుంగనూరు ఆవు ఈనినప్పుడు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? తల్లే మూడడుగులకు అటూఇటూ ఎత్తుండే జాతి. ఇక దూడ ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి, చేతుల్లోకి తీసుకుంటే ఒడి నిండదు. పుట్టిన కాసేపటికే అది వెనక కాళ్లు లేపుతుంది, ముందుకు వాలుతుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది, లేచి నాలుగు పుల్లల మీద తన తడి ఒంటిని నిలబెట్టుకుని ఈ లోకం ఇంత పెద్దదా అన్నట్టు చూస్తుంది. ఆ నిలబడటంలో ఉన్న సొగసు, ఆ తర్వాత అది ఎంత దౌడు తీసినా మళ్లీ రాదు! నాట్యం రాని మనిషి నాట్యంలోకి లేచి నిలబడే సొగసు అచ్చం అదే. మోకాలు వణికినా ముద్దే. భుజం ఆలస్యమైనా ముద్దే. ఏడో వారానికి ఆయన ముంజేయి మెత్తబడింది. ఎనిమిదో వారం ఆమె చేతిని అందుకోవడానికి చూడకుండానే వెనక్కి చెయ్యి చాచాడు, ఆ చెయ్యి సరిగ్గా ఆమె వేళ్ల కొసల దగ్గరకే పోయింది. నేను చాప మీద లేచి కూర్చున్నాను.

ఆరితేరిన నర్తకుల పోటీలను తక్కువ చేయడం లేదు. 2009లో ఈటీవీలో మొదలైన 'ఢీ' తెలుగు ఇళ్లలో ఒక తరాన్ని పెంచింది. శేఖర్ మాస్టర్ లాంటివారు ఆ మెట్టు మీద నుంచే సినిమా మేడ ఎక్కారు. అక్కడి దేహాలు విల్లంబులు. అక్కడ ఓడినవాడి కంట్లో కసి ఉంటుంది, ఆ కసి వెనక మరో పోటీ ఉంటుంది, బతుకంతా నాట్యం ఉంటుంది. సెలబ్రిటీల పోటీలో పోయేవాడికి ఆ ఊరట లేదు. ఆయన నాట్యం ఈ నాలుగు నెలల పసిబిడ్డ. సోమవారం తెల్లవారితే ఆయన మళ్లీ సీరియల్ సెట్‌లో సోఫా పక్కన నిలబడాలి. మెత్తబడిన ఆ ముంజేతితో అక్కడ ఎవరికీ పని లేదు. ఆ సంగతి తెలిసి చూస్తాం గనుకనే గుండెలో ఊట పడుతుంది. భవభూతి ఉత్తరరామచరితంలో రసాలన్నిటినీ తెచ్చి కరుణ చేతుల్లో ఎందుకు పెట్టాడో ఇలాంటి రాత్రుల్లోనే నాకు తెలిసివస్తుంది.

2023లో స్టార్ మా 'నీతోనే డాన్స్' తెచ్చినప్పుడు బుల్లితెర తారలు జంటలుగా దిగారు. మాటల పగ్గాలు శ్రీముఖి చేతిలో. బల్ల వెనక రాధ, సదా, తరుణ్ మాస్టర్. చివరకు ఆట సందీప్, జ్యోతిరాజ్ గెలిచారు, గెలవదగినవాళ్లే గెలిచారు. నా చూపు మాత్రం రాధ దగ్గర ఆగిపోయేది. 'అడవి దొంగ' (1985), 'యముడికి మొగుడు' (1988) నాడు చిరంజీవి వేగానికి ఎదురు నిలిచి నవ్విన పాదాలవి! అంత ఆడిన మనిషి ఇప్పుడు బల్ల వెనక కదలకుండా కూర్చుని ఎదుటివాళ్ల పాదాలను చూస్తుంటే, ఆ చూపులోనే నాకు సగం నాట్యం కనబడేది. సదాను చూస్తే 'జయం' (2002) నాటి ఓణీ పిల్ల గుర్తుకు రాకుండా ఉండదు. ఒకనాడు వెలుగులో నిలబడినవాళ్లు, నేడు వెలుగులో నిలబడినవాళ్లను తూచడం. ఆ తూకానికి ఒక జాలి ఉంటుంది.

మార్కులనేవి టీవీతో పుట్టాయనుకునేవారు భరతుణ్ణి ఒకసారి పలకరించాలి. నాట్యశాస్త్రంలో ఆయన న్యాయనిర్ణేతలకు ప్రాశ్నికులని పేరు పెట్టి, పదిమందిని వరుసగా కూర్చోబెట్టాడు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సూ వ్యాకరణమూ తెలిసినవాళ్లు, రాజు, చిత్రకారుడు, గాయకుడు, రాజసేవకుడు. వాళ్ల పక్కన ఒక విలుకాడు, ఒక వేశ్య! విలుకాణ్ణి పిలవాలని తోచిన ఆ బుద్ధికి దండం పెట్టాలనిపిస్తుంది. నిలబడే తీరు ఎవడికి తెలుస్తుంది, బాణం విడిచేవాడికి తెలియక? గెలిచినవాళ్లకు పతాక ఇవ్వమన్నాడు కూడా. ఇక మన కూచిపూడి సత్యభామ ఏం చేసింది? తెర మీదుగా జడ బయటికి వేసి, నన్ను మించి ఆడగలిగితే ఈ జడ కోసుకోండి అని సభకే సవాలు విసిరింది. ఆ జడకు పొగరు ఎంత అందం! పోటీ మన నాట్యానికి ఎన్నడూ పరాయిది కాదు.

ఇక ఆ రాత్రి సంగతి. మిగిలిన జంటలన్నీ గట్టెక్కాయి. డేంజర్ జోన్‌లో రెండు జంటలు. రంగుల దీపాలు ఒక్కటొక్కటే ఆరి, తెల్లటి వెలుగు గొడుగులు రెండు దిగి, ఒక్కో జంట మీద ఒక్కోటి నిలిచాయి. వెనక వాయిస్తున్న మోత కూడా తగ్గి తగ్గి గుండె చప్పుడంత అయింది. యాంకర్ కార్డు విప్పింది. "ఈ వారం మన వేదికను వదిలి వెళ్లబోతున్న జంట..."

ఆగింది.

ఆహా, ఆ ఆగడం! దాన్ని తిట్టేవాళ్లున్నారు, సాగదీత అంటారు. నేను ఆ ఆగడం కోసమే వారమంతా ఎదురుచూస్తాను. సాత్త్విక భావాలు ఎనిమిదని మనవాళ్లు చెప్పారు. వాటిని తెచ్చిపెట్టుకోవడం కుదరదని, మనసు నిజంగా లగ్నమైతేనే ఒంట్లోకి దిగుతాయనీ చెప్పారు. గొప్ప నటులకు కూడా జీవితంలో ఏ కొన్ని రాత్రులో దక్కే ఆ ఎనిమిదీ, నటన అనే మాటే మరిచిపోయిన ఆ ఇద్దరి మీద నా కళ్లముందే వరుసకట్టి వాలాయి. ముందు స్తంభం. రాతిబొమ్మల్లా నిలిచారు. ఆయన కణత మీద చెమట, అది దీపాల వేడి కాదని నాకు తెలుసు. కెమెరా ఆమె ముంజేతి మీదికి పోయింది. అక్కడ నూగారు లేచి నిలబడి ఉంది! ఇద్దరి చేతులూ పెనవేసుకుని ఉన్నాయి, వణుకు మాత్రం ఎవరి వేళ్లదో తెలియదు. ఇన్ని పూతల మేకప్ కింద నుంచి కూడా ముఖం పాలిపోవడం కనబడింది. ఆ తర్వాత రెండు క్షణాలు ఆయన కళ్లు దేన్నీ చూడలేదు. తెరిచే ఉన్నాయి, లోపల మనిషి లేడు. ప్రళయం అన్నారే, అది. శాస్త్రంలో ఆ మాట చదివినప్పుడల్లా మూర్ఛపోయి పడిపోవడమే అనుకునేవాణ్ణి. నిలబడి ఉండగానే కూడా వస్తుందని ఆ రాత్రి నేర్చుకున్నాను.

పేరు పలికారు. వాళ్ల పేరే.

బతికిపోయిన జంటే ముందు ఏడ్చింది. ఎలిమినేషన్ రాత్రుల్లో ఇది ఎన్నిసార్లు చూశానో! దెబ్బ తగలనివాడికే ముందు నొప్పి పుడుతుంది. వీళ్లిద్దరూ నవ్వారు. ఆమె మైకు అందుకుని అందరికీ నమస్కారం చెప్పబోయింది. గొంతు నడుమలో చీలి, ఆ నమస్కారం సగం గాలిగా బయటికి వచ్చింది. అప్పుడు వచ్చాయి కళ్లలో నీళ్లు. స్వరభేదం, అశ్రువు. ఎనిమిదికి ఎనిమిదీ నిండాయి.

నాకు అప్పుడు కాళిదాసు గుర్తుకొచ్చాడు. మాళవికాగ్నిమిత్రంలో గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యుల మధ్య పోటీ పెడతాడాయన. తీర్పు చెప్పడానికి కౌశికి అనే పరివ్రాజిక కూర్చుంటుంది. బరువైన అలంకారాలు వద్దు, అవయవాల సౌష్ఠవం కనబడాలి అని ఆమె ముందే అడుగుతుంది. ఎంత ఎరిగిన కన్ను! గణదాసు శిష్యురాలు మాళవిక ఆడుతుంది, రాజు మనసు అక్కడే పోతుంది. ఇక హరదత్తుడి వంతు అనేసరికి మధ్యాహ్నమైందని వైతాళికుల కేక వినబడుతుంది. స్నానాలకు, భోజనాలకు సభ లేస్తుంది. ఆ రెండో పక్షం నాట్యం మనం చూడనే చూడం. గెలిచినవాడు గణదాసు అని తర్వాత మాటల్లో తెలుస్తుంది. హరదత్తుడి పక్షాన ఆడవలసిన పిల్ల ఎవరో కూడా కాళిదాసు మనకు చూపించడు. పదిహేను వందల ఏళ్లకు పైగా ఆమె గజ్జె కట్టుకుని తెర వెనకే నిలబడి ఉందేమో! మాళవిక సొగసు వర్ణన చదివినప్పుడల్లా ఆ తెర వెనక ఒక చిన్న గజ్జె చప్పుడు నాకు వినబడుతూనే ఉంటుంది.

ఆ రాత్రి వేదిక మీద మధ్యాహ్నపు కేక వినబడలేదు. వెళ్లేముందు ఒక్కసారి ఆడి వెళ్లండి అన్నారు.

ఆమె వేదిక మెట్టు మీద కూర్చుంది. ఎత్తు మడమల చెప్పులు ఒక్కొక్కటే విప్పి, గుడి మెట్ల దగ్గర విడిచినట్టు పక్కపక్కన సర్దింది. ఆమెను చూసి ఆయన కూడా బూట్లు విప్పాడు. వట్టి పాదాలు నాలుగు ఆ నల్లని నేల మీద నిలిచాయి. ఏదో పాత మెలొడీ అందుకుంది, వేణువు ముందు, దాని వెంట తబలా. ముందుగా కూర్చుకున్న అడుగులు లేవు, ఎగిరి పట్టుకునే విన్యాసాలు లేవు, పొగ లేదు. ఆయన ఆమె చెయ్యి అందుకున్నాడు. ఒక అడుగు. ఇంకో అడుగు. నేను ఎప్పటిలాగే ఆయన పెదాలు చూశాను.

కదలడం లేదు!

పెదాల మీద లెక్క ఆగిపోయింది. నాలుగు నెలలుగా ఒక్క మాత్ర కూడా విడవకుండా కావలి కాసిన ఆ వన్, టూ, త్రీ, ఫోర్ ఎక్కడికో లేచిపోయాయి, కోత అయిన చేను మీది నుంచి పిట్టలు లేచిపోయినట్టు. ఇప్పుడు మార్కులు లేవు, ఓట్లు లేవు, వచ్చే వారం లేదు. తాళం మాత్రం తప్పలేదు! లెక్క పోయాక తాళం ఇంకా బాగా నిలిచింది. ఇన్నాళ్లూ పెదాల మీద ఉన్నది ఇప్పుడు పాదాల్లోకి దిగింది. ఆమె తిరిగింది, ఆయన ఈసారి గాలిని అడగలేదు, ఆమె తిరిగిన తిరుగుడులోకి తానూ పోయాడు. చీర అంచు నేలను రాసుకుంటూ ఒక వలయం గీసింది, ఆ వలయం చెరగకముందే ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. మధ్యలో ఎక్కడో ఆయన అడుగు తడబడింది. ఆమె నవ్వింది. ఆ తడబాటునే మళ్లీ వేసి చూపింది, ఆయన కూడా వేశాడు, అది అడుగైపోయింది. అబ్బా, తప్పును ఎత్తుకుని ముద్దాడి నాట్యంలో కూర్చోబెట్టుకోవడం! ఏ గురువు నేర్పుతాడు దాన్ని? ఎన్ని మార్కులు వేస్తారు దానికి? చివర ఆయన ఆమె నుదుటికి నుదురు ఆనించి నిలబడిపోయాడు, పాట ఇంకా ఉంది, వాళ్లు కదలడం లేదు, కదలకపోయినా నాట్యం ఆగలేదు!

మా ఇంట్లో ఒక్క చప్పుడు లేదు. పిల్లలు ఊపిరి బిగబట్టారు. నా భార్య చేతిలో తడిగుడ్డ అట్లాగే ఉంది. భరతుడు నాట్యానికి సిద్ధి రెండు రకాలన్నాడు. సభ నవ్వడం, ఆహా అనడం, కళ్లు తుడుచుకోవడం, ఉండబట్టలేక వేలి ఉంగరం తీసి విసరడం, ఇదంతా మానుషి. చప్పట్లు దీని పిల్లలే. రెండోది దైవికి. అలజడి లేదు, అరుపు లేదు, అపశకునం లేదు; రంగం నిండి ఉంటుంది, అంతే. చప్పట్ల షోలు ఎన్ని చూశాను! ఆ దైవికం మాత్రం ఇలా ఓడిపోయినవాళ్ల చెయ్యి పట్టుకుని ఎప్పుడో ఒకసారి మా అంగళ్లు దాకా వస్తుంది.

"వాడు మన దుర్యోధనుడు మాదిరి ఆడినాడ్రా" అంది అవ్వ, చాలాసేపటికి.

బయటివాళ్లకు ఈ పొగడ్త అర్థం కాదు. మా చిత్తూరు సీమలో ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుడి ముందు, ధర్మరాజుల గుడి ముందు భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కేనాడు బిడ్డలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాగిలపడతారు. చివరి రోజు దుర్యోధన వధ. నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడు ఊరంత మనిషిలా వెల్లకిలా పడి ఉంటాడు, దాని చుట్టూ వేషధారులు గదలతో తిరుగుతారు. భీముడి గద తొడ మీద పడుతుంది, ఎర్రనీళ్లు చిమ్ముతాయి, ద్రౌపది ఇన్నాళ్లు విరబోసిన జుట్టు ముడుస్తుంది. సాయంత్రం అగ్నిగుండం. అవ్వ ఎన్ని వేసవులు ఆ దుమ్ములో కూర్చుని ఆ ఆట చూసిందో లెక్కలేదు.

నేను చిన్నప్పుడు ఆమె ఒళ్లో పడుకుని చూసిన ఒక దుర్యోధనుడు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాడు. మొదటి రాత్రుల్లో ఇద్దరు పట్టుకున్న తెర కింద నుంచి ఆయన పాదాలు మాత్రమే కనబడేవి. ఆ గజ్జెల మోతకే రాజు వస్తున్నాడని తెలిసేది. భుజకీర్తులు, కిరీటం, ముఖానికి అర్దళం, మీసం మీద గర్వం. చివరి రోజుకు ఏముంది? రాత్రంతా ఆడిన అలసట మీద ఎండ. అర్దళం చెమటకు చారలు చారలుగా కారిపోయి, కింద నుంచి ఒక మామూలు రైతు ముఖం బయటపడింది. గొంతు బొంగురుపోయింది. కిరీటం పక్కకు వాలింది, సర్దుకోలేదు. ఓడిపోతాడని ఊరికి తెలుసు, ఆయనకూ తెలుసు, ఆ మట్టి మనిషి ముందే పడి ఉన్నాడు. అయినా ఆ గద తిప్పుతూ తిరిగాడు చూడండి! వెనక్కి వెనక్కి వేసే అడుగు, అడుగు అడుగుకూ భూమిని ఒకసారి తాకి వదిలే మడమ, పోతూ పోతూ కూడా సింహాసనం వైపే తిరిగే మెడ. పద్దెనిమిది రోజులు తిట్టిన ఊరు ఆ పొద్దు నోరు మెదపలేదు. అవ్వ నా తల మీద చెయ్యి పెట్టుకుని ఉంది, ఆ చెయ్యి తడి నా నెత్తికి తగిలింది. అది చెమటో కన్నీరో నేను అడగలేదు.

ఆ దుర్యోధనుడితో ఈ సీరియల్ నటుణ్ణి ఒకే గాటన కట్టగలిగిన కన్ను అవ్వది. బడి మెట్టు ఎక్కని మనిషి. ప్రాశ్నికుల పది కుర్చీల పక్కన ఆమె నులకమంచం కూడా వేయాలని నా మనవి.

ఈ ఆఖరి నాట్యం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 2004లో బీబీసీ మొదలుపెట్టిన 'స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్'లో వెళ్లిపోయే జంట వేదిక మీద చివరిసారి ఆడి వెళ్లే ఆచారం ఉంది. మిగతా జంటలు వచ్చి వాళ్లను చుట్టుకుంటాయి. ఆ ఇంగ్లండు నుంచి నమూనా అమెరికాకు పోయి 2005లో 'డాన్సింగ్ విత్ ద స్టార్స్' అయింది, 2006లో హిందీలో 'ఝలక్ దిఖ్‌లా జా' అయింది. దేశదేశాలు తిరిగిన ఈ ఆటలో నాకు అన్నిటికన్నా మెరుగైన మణి ఆ ఆఖరి నాట్యమే. మన దగ్గర చాలాసార్లు కౌగిలింతలు, నాలుగు మాటలు, ఏడుపు పాట ఒకటి వేసి పంపేస్తారు. కన్నీళ్ల మీద మళ్లీ కన్నీటి పాట ఎందుకు? పాలల్లో నీళ్లు పోసినట్టు. ఆ మాటలు తగ్గించండి, ఆ పాట ఆపండి, వాళ్లను ఆడనివ్వండి. మూడు నిమిషాలు చాలు. పోటీకి పొద్దున్నుంచి రాత్రి దాకా ఉన్న చోట, రసానికి మూడు నిమిషాలు లేవా!

ఆ రాత్రి ఇచ్చారు. కానీ పూర్తిగా ఇవ్వలేదు. నుదురూ నుదురూ ఆనించి నిలబడ్డ ఆ ఇద్దరూ, వేణువు మళ్లీ లేచేసరికి, మళ్లీ కదిలారు. సరిగ్గా అప్పుడే తెర కింది నుంచి పేర్లు పైకి లేవసాగాయి. లైటింగ్, ఎడిటింగ్, మేకప్, కాస్ట్యూమ్స్. తెల్లటి అక్షరాలు వరుసలు వరుసలుగా వాళ్ల మీదుగా పోతున్నాయి. పిల్లలు లేచి ఇంటికి పరుగెత్తారు. నా భార్య పొయ్యి దగ్గరకు పోయింది. నేను చాప మీద నుంచి లేచి టీవీ దగ్గరకు, ఇంకా దగ్గరకు పోయాను, ముక్కు గాజుకు తగిలేంత. "కండ్లు పోతాయి, ఇట్లా రా నాయినా" అంటా ఉంది అవ్వ వెనక నుంచి. ఒక పేరుకూ ఇంకో పేరుకూ మధ్య వేలెడు సందు. ఆ సందులో ఆమె పాదం ఒకసారి మెరిసింది, మడమ లేచి ఉంది. ఇంకో వరుస అక్షరాలు వచ్చి కప్పేశాయి. మళ్లీ సందు, మళ్లీ ఆ మడమ, ఇంకా నేలకు దిగలేదు.